ఛాతీలో మచ్చలు, ఇంట్లో గుసగుసలు

ఎవరైనా నన్ను చూసి తామే ముందుగా నవ్వితే నాకు అనుమానం వస్తుంది. ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు, ఉద్యోగం నేర్పింది. బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తూ నా సర్వీసంతా గడిచింది. పరకాల రోడ్డు మీదో, పాలకుర్తి రోడ్డు మీదో చెయ్యి అడ్డం పెట్టి బస్సు ఆపి ఎక్కేవాణ్ణి. ఎక్కగానే టికెట్లు అడిగేవాణ్ణి కాదు. ముందు ముఖాలు చూసేవాణ్ణి. టికెట్ కొననివాళ్లలో కిటికీలోంచి బయటికి చూసేవాళ్లుంటారు, నిద్ర నటించేవాళ్లుంటారు. వాళ్లది చిల్లర వేషం, చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. అసలు దొంగ నవ్వుతాడు. "నమస్తే సార్, మంచిగున్నరా" అని కుశలం కూడా అడుగుతాడు.

టికెట్ నిజంగా కొని ఎక్కడ పెట్టాడో మరిచిపోయినవాడి సంగతి వేరు. వాడికి చెమటలు పడతాయి. జేబులన్నీ తిరగేస్తాడు, సంచి దులుపుతాడు, పక్కనున్న పెళ్లాన్ని కసురుకుంటాడు, చివరికి ఏడుపు ముఖం పెట్టి "తప్పు నాదే సార్, గిప్పుడే గీ జేబుల పెట్టిన" అంటాడు. అలాంటివాణ్ణి నేను ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. కాసేపు ఆగితే ఆ టికెట్ చొక్కా మడతలోనో బీడీ కట్టలోనో దొరికేది.

రిటైరయ్యాక ఈ విద్యను ఇంట్లో వాడుకోవలసి వస్తుందని అనుకోలేదు.

మొదట దగ్గు మొదలైనప్పుడు మిర్చి సీజనే కారణం అనుకున్నాను. మిర్చి బస్తాల లారీలు తిరిగే రోజుల్లో మార్కెట్ వైపు పోతే వరంగల్‌లో ఎవరికైనా దగ్గు వస్తుంది. సీజన్ అయిపోయింది గానీ దగ్గు పోలేదు. ఉమ్మిలో ఎర్ర జీర కనపడ్డాక నా భార్య, బిడ్డ కలిసి నన్ను హన్మకొండలో ఒక ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. మా బిడ్డ ఆ ఊళ్లోనే స్కూల్లో టీచరు. డాక్టరు స్కాన్ తీయించాడు, సూదితో ముక్క తీయించాడు. ఫలితం వచ్చిన రోజు నన్ను బయట కూచోమని ఆ ఇద్దరినీ లోపలికి పిలిచాడు. మా దగ్గర పద్ధతి అదే. పెద్ద రోగం వస్తే పేరు రోగికి చెప్పరు. ఇంటివాళ్లకు చెబుతారు. రోగికి ఏం చెప్పాలో, ఎంత చెప్పాలో వాళ్లు చూసుకుంటారు. పేరు వింటేనే మనిషి సగం చస్తాడని అందరి నమ్మకం.

నా భార్య నవ్వుతూ బయటికి వచ్చింది.

"ఏం లేదట. నిమ్ము గడ్డకట్టిందట. హైదరాబాద్‌ల చిన్న ఆపరేషన్ చేసి తీసేస్తరట. నువ్వేం ఫికర్ చెయ్యకు" అన్నది.

నేను ఆ నవ్వును నమ్మాను. బస్సు నిండా పరాయి ముఖాలు చదివినవాణ్ణి, ఆ ఒక్క ముఖం చదవలేదు. ఇంటి మనిషిని ఎవరు తనిఖీ చేస్తారు?

హైదరాబాద్‌లో కుడి ఊపిరితిత్తి పైభాగం కోసి తీసేశారు. కాస్త కోలుకున్నాక ఊపిరి కసరత్తు చేయించడానికి ఒక అమ్మాయి వచ్చేది. లోపల మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతికిచ్చి, దాని గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చమనేది. ఎంత బాగా పీలిస్తే బంతులు అంత పైకి లేస్తాయి. ఒకరోజు మూడు బంతులూ లేచాయి. ఆ అమ్మాయి చాలా సంబరపడింది. "అంకుల్, క్యాన్సర్ ఆపరేషన్ అయినోళ్లల్ల మీ అంత మంచిగ పీల్చేటోళ్లను నేను చూడలే" అన్నది. నాకు తెలిసే ఉంటుందనుకుంది పాపం. మూడు బంతులూ టక్కున కింద పడ్డాయి.

నా రోగం పేరు వార్డులో అందరికీ తెలుసు. టీ తెచ్చే అతనికి తెలుసు. పరకాలలో ఉండే మా బామ్మర్దికి తెలుసు. ఊపిరితిత్తి ఎవరిదో ఆ మనిషికి తప్ప అందరికీ తెలుసు. నాకు రోగం మీద కంటే నా భార్య మీద ఎక్కువ కోపం వచ్చింది.

"నీ మంచికే చెప్పలే" అన్నది.

"నా మంచి నీకెవరు అప్పజెప్పిన్రు?" అన్నాను.

రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి, ఇకమీద నీ దగ్గర ఏదీ దాచనని నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేసింది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టేవాళ్లను సర్వీసులో చాలామందిని చూశాను. ఒట్టు వేస్తున్నప్పుడే దాన్ని అనుమానించాను.

ఇంటికొచ్చాక మాత్రం ఆమె నన్ను పురిటి బిడ్డను సాకినట్టు సాకింది. ఆక్సిజన్ గొట్టాలతో ముక్కు లోపలంతా ఎండి, పొక్కులు కట్టి, మంటగా ఉండేది. మా పిల్లలు పుట్టినప్పుడు వాళ్లకు నీళ్లు పోసి, మాడు మీదా చెవుల్లో ముక్కుల్లో ఆముదం వేసిన చేతులవి. నాకు ఆముదం కాదు, పరకాల నుంచి బామ్మర్ది పంపే ఆవునెయ్యి. పండుకునే ముందు నా తల తన ఒళ్లో పెట్టుకుని, వెనక్కి వంచి, గోరువెచ్చటి నెయ్యిలో దూది ముంచి ముక్కులో పిండేది. "గట్టిగ పీల్చు. ఊపిరితిత్తులు మెత్తబడుతయి" అనేది. వాళ్లమ్మ చెప్పిన మాట అది. నేను పీల్చేవాణ్ణి. గొంతులోకి కమ్మటి వాసన దిగేది.

ముక్కు మంట తగ్గిపోయినా ఆ అలవాటు పోలేదు. ఆమె మానలేదు, నేను మానమనలేదు. పగలంతా ఎంత పోట్లాడుకున్నా ఆ కాసేపు ఆమె అరచెయ్యి నా నుదుటి మీద ఉండేది. అది నాకు ఇష్టం. పైకి మాత్రం "ముక్కులన్నీ జిడ్డు చేస్తాన్నవ్" అని గొణిగేవాణ్ణి.

ఆపరేషన్ తర్వాత తీసిన మొదటి స్కాన్ బాగానే ఉంది. ఏడాది దాటాక తీసినదాంట్లో మచ్చలు కనపడ్డాయి. ఈసారి నేను బయట కూచోనని హన్మకొండ డాక్టరుకు ముందే చెప్పాను. ఆయన నవ్వకుండా సరే అన్నాడు, అందుకే ఆయన మీద కొంచెం గురి కుదిరింది. కంప్యూటర్ తెర నా వైపు తిప్పాడు. మిగిలిన కుడి ఊపిరితిత్తి కింది భాగంలో, వీపు వైపున, కందిగింజంత ఒకటి ఉంది. దాని పక్కన ఇంకా చిన్నవి ఉన్నాయి.

"తిరగబెట్టిందా సార్?" అన్నాను.

"ఇప్పుడే చెప్పలేను" అన్నాడు. "మచ్చ అన్నదల్లా క్యాన్సర్ కాదు పెద్దాయనా. ఎప్పుడో నిమ్ము చేసి ఆరిపోతే మచ్చ పడుతది. చిన్నప్పుడు టీబీ వచ్చి పోయినా మచ్చ ఉంటది. కానీ మీకు ఒకసారి వచ్చింది కాబట్టి తిరగబెట్టిందేమో అన్న అనుమానం పక్కకు పెట్టలేం. ఇంత చిన్నదాంట్ల సూది గుచ్చుడు కష్టం. మూడు నెలలాగి ఇంకో స్కాన్ తీద్దాం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తది. పెరిగిందా, తగ్గిందా, అట్లనే ఉన్నదా అని."

తర్వాత, ఏమేం మందులు వాడుతున్నారని అడిగాడు. నా భార్య బీపీ గోళీ, షుగర్ గోళీ, గ్యాస్ గోళీ, పొద్దటివి, మాపటివి అన్నీ గడగడా చెప్పింది.

"ఇంకేమన్న?"

"ఇంకేం లేవు సార్. అన్ని మీరు రాసినయే" అన్నది.

ఆమె అబద్ధం చెప్పలేదు. డాక్టరు మందులు అడిగాడు, ఆమె మందులు చెప్పింది. నేనూ పక్కనే ఉన్నాను, నాకూ ఇంకేదీ తోచలేదు. నెయ్యిని ఎవరు మందు అంటారు? అది వంటింట్లో ఉండే వస్తువు.

బయటికి వచ్చాక ఆమె నవ్వింది.

"విన్నవు కదా. ఏం లేదన్నడు" అన్నది.

"ఏం లేదనలే. తెల్వదన్నడు."

"గదే" అన్నది.

ఆ నవ్వు నాకు తెలుసు. అది నిమ్ము గడ్డకట్టిందని చెప్పిన రోజు నవ్వు. డాక్టరు ఈ తల్లీబిడ్డలకు ఫోన్‌లో విడిగా ఏదో చెప్పే ఉంటాడని నాకు ఆ క్షణమే అనిపించింది. నా ముందు మూడు నెలలన్నాడు, వాళ్లకు ఏం చెప్పాడో. ఆ మూడు నెలలూ నేను నా ఇంట్లోనే తనిఖీ ఉద్యోగం చేశాను.

ముందుగా దొరికినవి సకినాలు. పండుగ లేదు, పబ్బం లేదు, ఒకరోజు పొద్దున లేచేసరికి బట్ట పరిచి సకినాలు చుడుతున్నది. ఎందుకంటే "నీకిష్టం కదా" అన్నది. నాకిష్టమని ఆమెకు పెళ్లయినప్పటి నుంచి తెలుసు. పండుగకు అడిగినా మోకాళ్లు నొప్పులనేది. ఆ తర్వాత తలకాయ కూర వండింది. నూనె లెక్కపెట్టి పోసే మనిషి, నా కంచంలో సర్వపిండి మీద ఇంకో సర్వపిండి వేసింది. ఆపరేషన్‌కు ముందు కూడా ఇలాగే పెట్టింది. బలి ఇచ్చే పొట్టేలును కూడా ఇలాగే మేపుతారని అన్నాను. ఆ మాటకు పాత రోజుల్లోనైతే గరిటె విసిరేది. ఈసారి ఇంకో ముక్క వేసింది.

పోట్లాట మానేయడమే అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. టీవీ రిమోట్ నాకే ఇచ్చేసింది. వార్తలు పెట్టుకోమన్నది. వార్తలంటే ఆమెకు ఒళ్లుమంట. నేను కావాలనే ఆమె సీరియల్ వేళకు వార్తలు పెట్టి, ఓరకంట చూస్తూ కూచున్నాను. ఆమె కూడా బుద్ధిగా వార్తలు చూసింది. తెలియనివాళ్లకు ఇది చిన్న విషయం. నాకు మాత్రం అరికాళ్లు చల్లబడ్డాయి.

బిడ్డ ఆదివారాలు వచ్చేది. ఇప్పుడు మధ్యలో కూడా రావడం మొదలుపెట్టింది. రాగానే "మంచిగున్నవా బాపూ" అని నవ్వుతుంది, వంటింట్లోకి పోతుంది. కాసేపటికి మిక్సీ మోగుతుంది. మిక్సీ మోగుతుంటే లోపలి మాటలు వినపడవు. ఒకరోజు టీవీ ఆపి, చప్పుడు చేయకుండా లేచి వెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. మిక్సీ గుయ్యిమని తిరుగుతున్నది. తల్లీబిడ్డలు దానికి దగ్గరగా తలలు పెట్టి మాట్లాడుకుంటున్నారు. నేను పోయి స్విచ్ ఆపి మూత తీశాను. జార్‌లో ఏమీ లేదు.

"ఏం రుబ్బుతాన్రు?" అన్నాను.

బిడ్డ నేల చూపులు చూసింది. నా భార్య మాత్రం నా కళ్లలోకి చూసి, మెల్లగా చెప్పింది. "మాకు భయమైతాంది. నీ ముందట భయపడొద్దని ఇక్కడికొచ్చి భయపడుతానం. గింతే."

"డాక్టర్ మీకేం చెప్పిండు?"

"నీకు చెప్పిందే చెప్పిండు."

"నీ ఒట్టు గుర్తున్నదా?"

"ఉన్నది."

నేను నమ్మలేదు. ఖాళీ మిక్సీ తిప్పేవాళ్లు ఏమైనా చేయగలరు.

ఆమె అనుమానాలు ఆమెకున్నాయి. ఆపరేషన్‌తో మానేసిన సిగరెట్ నేను మళ్లీ ముట్టుకుంటున్నానని, అందుకే మచ్చలొచ్చాయని ఆమె మనసులో పడింది. బయటి నుంచి వస్తే చొక్కా తీసుకుని వాసన చూసేది. చెమట వాసనకు చూస్తున్నట్టు నటించేది గానీ, సిగరెట్ వాసన పట్టడానికి ముక్కు ఎలా పెడతారో నాకు తెలుసు, బస్సులో నేనూ అలాగే పెట్టేవాణ్ణి. సందు చివర టీ కొట్టు అతన్ని కూడా అడిగిందట, అతనే చెప్పాడు. ఒక ఇంట్లో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఉంటే ఎట్లా ఉంటుందో అలా ఉంది మా సంసారం.

పొద్దున్నే ఖిలా వరంగల్‌లో నడవడం నా అలవాటు. ఆ నెలల్లో నడక నడకలా లేదు. కోట రాళ్ల మధ్య నాలుగు అడుగులు వేసి ఆగి, ఆయాసం వస్తున్నదా అని చూసుకునేవాణ్ణి. రాకపోతే ఎందుకు రావడం లేదని అనుమానం. వస్తే ఇక చెప్పనక్కరలేదు. ఉమ్మి ఉమ్మి చూసుకునేవాణ్ణి. దగ్గు మాత్రం ఉంది, మెత్తటి దగ్గు, పొద్దున లేవగానే వచ్చేది. రాతి తోరణం ముందు ఫోటోలు దిగే పిల్లలను చూసి, వచ్చే ఏడాది ఈ వేళకు నేను ఇక్కడ ఉంటానా అనుకుని, కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము పడ్డట్టు తుడుచుకున్నాను. నాకు బతకాలని ఉంది. ఇంత గట్టిగా ఉంటుందని నాకే తెలియదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మా బామ్మర్ది రావడం ఒక ఎత్తు. మా బిడ్డ పెళ్లిలో తనను భోజనాల రెండో బంతిలో కూచోబెట్టామని అతను మా గడప తొక్కడం మానేశాడు. నెయ్యి పంపినా బస్సులో ఎవరి చేతికో ఇచ్చి పంపేవాడు. అలాంటివాడు పెద్ద డబ్బాడు నెయ్యి పట్టుకుని స్వయంగా వచ్చాడు. వచ్చి నా పక్కన కూచుని నా చెయ్యి పట్టుకున్నాడు.

"అయిందేదో అయింది బావా. మనసుల పెట్టుకోకు" అన్నాడు.

మనిషి పోయే ముందు తప్ప మా బామ్మర్ది తగ్గడు. వాళ్ల పెదనాన్న విషయంలో చూశాను. మంచం మీద ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు పోయి మాట కలిపాడు. అతను వెళ్లిపోయాక, నెయ్యి బాగా ఉంది కదా అని నా భార్య ఆ రోజు నుంచి పొద్దున కూడా ముక్కులో వేయడం మొదలుపెట్టింది.

మూడు నెలల తర్వాత స్కాన్ తీశారు. డాక్టరు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టాడు. నాకు చదువు ఎక్కువ రాకపోయినా కళ్లున్నాయి. కందిగింజ పెద్దదైంది.

"పెరిగింది" అన్నాను.

"పెరిగింది" అన్నాడు ఆయన. తర్వాత చాలాసేపు ఆ మచ్చనే పెద్దది చేసి చూశాడు. "కానీ దీని నడుమ జర నల్లగ ఉన్నది చూసిన్రా? మామూలు గడ్డ ఇట్ల కనబడదు. కొవ్వు ఉంటే ఇట్ల కనబడుతది. అయినా పెరిగినదాన్ని అనుమానించాల్సిందే. నోట్లకెళ్లి సన్నటి గొట్టం వేసి, లోపట కడిగిన నీళ్లు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం."

నేను బక్కపలచటి మనిషిని. నడుము మీదే లేని కొవ్వు ఊపిరితిత్తిలోకి ఎక్కడి నుంచి వస్తుంది? ఇదీ నిమ్ము గడ్డకట్టడం లాంటి మాటే అనుకున్నాను. ఇన్నాళ్లూ కాస్త గురి పెట్టుకున్న డాక్టరు కూడా మా వాళ్లతో కలిసిపోయాడని అర్థమైంది. గొట్టం వేసినప్పుడు మత్తు ఇచ్చారు. మత్తులోకి జారే ముందు కూడా, వీళ్లు నాకు వినపడకుండా ఏం మాట్లాడుకుంటారో అన్నదే నా ధ్యాస.

ఫలితాల రోజు బస్సులో పోయాం. ఆడవాళ్లకు ఇప్పుడు ప్రయాణం ఉచితం కాబట్టి నా భార్య ఆధార్ కార్డు చూపించి దర్జాగా కూచుంది. ఇంకోరోజైతే "నీకు టికెట్ ఉన్నదా" అని నన్ను ఆటపట్టించేది. ఆ రోజు దారి పొడుగునా కొంగు ముడి వేస్తూ విప్పుతూ ఉంది. బిడ్డ స్కూలుకు సెలవు పెట్టి నేరుగా అక్కడికి వచ్చింది.

మా వంతు వచ్చినప్పుడు నేను ముందుగా లేచాను. తలుపు దగ్గర డాక్టరు నన్ను ఆపాడు.

"పెద్దాయనా, మీరు జర కూచోన్రి. ముందుగాల మీ ఇంటామెతోని ఒక మాట మాట్లాడాలె. రెండు నిమిషాల్ల మిమ్మల్ని పిలుస్త."

"నాకే చెప్తమన్నరు కదా సార్" అన్నాను.

"మీకే చెప్త. ముందు ఆమెను ఒకటి అడగాలె."

తల్లీబిడ్డలు లోపలికి పోయారు. తలుపు మూసుకుంది. మొదటిసారి కూచున్నది కూడా ఆ కుర్చీల వరుసలోనే. అప్పుడు ఏమీ తెలియక, గోడ మీద టీవీ చూస్తూ కూచున్నాను. ఇప్పుడు అన్నీ తెలిసి కూచున్నాను. నవ్వుతూ వస్తారు, వచ్చి ఏం లేదంటారు, ఇంకో కొత్త పేరు చెబుతారు, నేను నమ్మినట్టు తలూపాలి, అంతే కదా. ఆ మూసిన తలుపు మీద నాకు ఎంత కోపం వచ్చిందంటే, లేచి కాలితో తన్నాలనిపించింది.

తలుపు తెరుచుకుంది. ముందు బిడ్డ వచ్చింది. నవ్వుతున్నది.

"బాపూ, ఏం లేదు. క్యాన్సర్ కాదట" అన్నది.

నేను ఆ ముఖం నుంచి చూపు తిప్పుకున్నాను. ఆమె వెనకాల నా భార్య వస్తున్నది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నది. అలా ఏడవగా నేను మా పెళ్లయ్యాక ఎన్నడూ చూడలేదు. అయిపోయింది అనుకున్నాను. బిడ్డకు అబద్ధం ఆడడం వచ్చింది, తల్లికి ఈసారి చేతకాలేదు అనుకున్నాను.

ఆమె వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడింది. అందరూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేదు.

"నేనే చేసిన" అన్నది. "నా చేతులిరిగిపోను. నీ ముక్కుల నెయ్యి నేనే పోసిన. అదే లోపటికి పోయి గడ్డలు కట్టిందట. పొద్దున గూడ పోసిన గదా. తప్పు నాదే. ఎంత పని చేసిన."

కొంగు వదిలేసి, నా చొక్కా గుండీల దగ్గర చేత్తో తడుముతున్నది. పోసిన నెయ్యిని అక్కడి నుంచి తీసేయాలన్నట్టు తడుముతున్నది. ముఖమంతా చెమట.

ఆ ముఖాన్ని నేను సర్వీసంతా చూశాను. జేబులన్నీ తిరగేసి, సంచి దులిపి, తప్పు నాదే సార్ అన్న ముఖం అది. లేని మాట పుట్టించేవాళ్లు నిమ్ము అంటారు, గాలి అంటారు, దేవుడంటారు. మొగుడి ఊపిరితిత్తులు తన చేతులతో తానే పాడుచేశానని ఏ ఆడదీ అబద్ధం పుట్టించదు. పోయినసారి నవ్వుతూ వచ్చింది, అది అబద్ధం. ఈసారి ఏడుస్తూ వచ్చింది. నేను బతుకుతానని అప్పుడు నమ్మాను.

"లే. అందరు చూస్తాన్రు" అన్నాను.

డాక్టరు మమ్మల్ని ముగ్గురినీ కూచోబెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. కడిగిన నీళ్లలో కొవ్వు నిండిన కణాలు దొరికాయి. తీసిన ముక్కలో క్యాన్సర్ కణాలు లేవు. కొవ్వు బయటి నుంచి ఎట్లా పోయిందో తెలుసుకోవడానికే, నాకు పెట్టేదీ పోసేదీ ఆమే కాబట్టి, నా భార్యను ముందు పిలిచి, ముక్కులో నూనె గానీ నెయ్యి గానీ వేస్తారా అని అడిగాడట. నన్ను అడిగితే ఏమని చెప్పేవాణ్ణో, బహుశా నా మీద కేసు కడుతున్నాడని అనుకునేవాణ్ణి.

"పండుకున్నప్పుడు ముక్కుల పోసిన నెయ్యి తెల్వకుండ కిందికి జారుతది. జారేటప్పుడు దగ్గు గూడ రాదు. అది అక్కడ అరగదు. ఊపిరితిత్తి దాని చుట్టు గోడ కట్టుకుంటది. ఫోటోల అచ్చం తిరగబెట్టిన క్యాన్సర్ లెక్కనే కనబడుతది" అన్నాడు. "నెయ్యి బంద్ చేయున్రి. మళ్ల స్కాన్‌ల తగ్గితే ఇగ అనుమానం అక్కెరలేదు. అమ్మా, నేను మందులని అడిగిన, మీరు మందులే చెప్పిన్రు. తప్పు మీదొక్కదే కాదు."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది.

ఆ సాయంత్రం నెయ్యి డబ్బా ఎవరికో ఇచ్చేసింది. పప్పులోకి కూడా ఉంచలేదు. పండుకునే వేళకు అలవాటు కొద్దీ మంచం దగ్గరికి వచ్చి, ఖాళీ చేతులు చూసుకుని నిలబడింది. నాకు చెప్పలేనంత జాలేసింది. పక్కకు జరిగి కూచోమన్నాను. నెయ్యి లేకపోతే మాయె, తల ఒళ్లో పెట్టుకోవడానికి ఏం రోగమన్నాను. కాసేపటికి అరచెయ్యి తెచ్చి నా నుదుటి మీద పెట్టింది. "దగ్గు రాని దొంగ నెయ్యి" అని నేనేదో హాస్యమాడితే, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నన్ను తిట్టింది. వాళ్ల పరకాల నెయ్యిని ఏమైనా అంటే ఊరుకోనన్నది. ఆ తిట్టు వింటూ నిద్రపోయాను.

మళ్లీ స్కాన్ తీసినప్పుడు మేమిద్దరం కలిసే లోపలికి పోయాం. డాక్టరు మందులేం వాడుతున్నారని అడగడమే ఆలస్యం, నా భార్య గోళీలతో మొదలుపెట్టి, నెత్తికి పెట్టే కొబ్బరినూనె, మోకాళ్లకు రాసే మందు, మామిడి తొక్కు, నేను దొంగతనంగా నోట్లో వేసుకునే చక్కెర దాకా వరసగా చెప్పుకుపోయింది. ఆయన చెయ్యెత్తి ఆపాల్సి వచ్చింది. తర్వాత తెర మా వైపు తిప్పాడు. చిన్న మచ్చలు కనపడలేదు. కందిగింజ నువ్వుగింజంత అయింది.

"తగ్గింది" అని డాక్టరు నవ్వాడు.

నా భార్య నవ్వలేదు. ముందుకు వంగి ఆయన ముఖాన్ని ఆ పక్క నుంచి ఈ పక్కకు పరీక్షగా చూసింది, బస్సెక్కగానే నేను ముఖాలు చూసినట్టే.

"నవ్వకుండ చెప్పున్రి సార్" అన్నది.